బూడిద రంగు జెండా

"ఝూఠ్! ఆ జెండా ఎర్రది కాదు."

చీకట్లో వెనకనుంచి వినిపించిన మాటకు సూర్యప్రకాష్ ఉలిక్కిపడ్డాడు. అతని పక్కన పీటమీద కూర్చున్న కాంతం మామ్మ మాత్రం తెరమీదనుంచి చూపు తిప్పలేదు.

బిర్సానగర్‌లోని ఆ తెలుగు బస్తీలో, యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజ మరునాటి సాయంత్రం ఒక పాత హిందీ సినిమా వేస్తారు. ఏటా అదే సినిమా. టాటానగర్ స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన ముసలయ్య, అందులో కథానాయకుడు స్టేషన్ మాస్టరన్న ఒకే ఒక్క కారణంతో దాన్ని ఎంపిక చేశాడు. ఆయన పోయాడు గాని ఆనవాయితీ పోలేదు. రెండు వెదురు గుంజల మధ్య తెల్లటి గుడ్డ కడతారు. ముందువైపు కుర్చీలు మగవాళ్ళతో నిండిపోతాయి కనుక, స్పీకర్ హోరు భరించలేని ముసలమ్మలు గుడ్డకు వెనకవైపు చేరతారు. అటునుంచీ బొమ్మ చక్కగానే కనిపిస్తుంది. కుడి ఎడమలు మాత్రం తారుమారవుతాయి. ఊరినుంచి కొత్తగా వచ్చి హిందీ రానివాళ్ళ పక్కన ఎవరో ఒకరు కూర్చుని 'సినిమా చెప్పాలి'. అదీ ఆనవాయితీయే.

కాంతం మామ్మ పలాస దగ్గరి పల్లెనుంచి కొడుకు తవిటయ్య ఇంటికి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. మనవరాలు రీనా సాక్చీలో తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంనుంచి ఇంకా ఇల్లు చేరలేదు. అందుచేత తవిటయ్య, దారిన పోతున్న సూర్యప్రకాష్ భుజంమీద చెయ్యివేసి, "మాయమ్మకి కొంచెం సినిమా చెప్పరా బాబూ" అని కూర్చోబెట్టాడు.

కథ చిక్కుపడినదేమీ కాదు. కొండ ఊరి స్టేషన్ మాస్టరు ఒక పంతులమ్మను ప్రేమిస్తాడు. అతణ్ణి వరదలోనుంచి బయటికి లాగి, ఆ ప్రయత్నంలో కాలు పోగొట్టుకున్న స్నేహితుడూ ఆమెనే కోరుకుంటాడు. స్టేషన్ మాస్టరు తన మనసు దాచుకుని, తాగుబోతుగా నటించి, ఆమె అసహ్యాన్ని సంపాదించుకుంటాడు. స్నేహితుణ్ణి పెళ్ళాడడానికి ఆమె ఎక్కిన రైలుకు తన చేత్తోనే పచ్చజెండా చూపిస్తాడు. ఇంజను పొగ తెరంతా కమ్ముకుంటుంది. అంతటితో సమాప్తం. బస్తీ మొత్తం ముక్కు చీదుకుంటుంది.

ఈ ముగింపును సూర్యప్రకాష్ చిన్నప్పటినుంచీ సహించలేకపోయాడు. ఆరోజు, అసలు కథ తెలియని శ్రోత దొరికేసరికి, జెండా రంగు మార్చేశాడు.

"నలుపు తెలుపు సినిమా కదా. రంగు నీకెలా తెలిసింది?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"రైలు కదలాలంటే పచ్చజెండాయే చూపిస్తారు. ఇత్నా తో బచ్చాలకీ తెలుసు," అంది రీనా.

"కదిలినట్టు చూపించారేటి? పొగొక్కటే చూపించారు. ఆగిన ఇంజనుకీ పొగ వత్తాది."

తర్కం ప్రకారం ఆ వాదనలో లోపం లేదు. లోపమల్లా వాదిస్తున్నవాడి పెదవుల చివరనున్న నవ్వులో ఉంది.

"ఒలే గుంటా, గోల సెయ్యకు," అంది మామ్మ. "ఒరే సూరిబాబూ, రైలాగింది కదా. తరవాతేటి?"

"ఆ పిల్ల దిగింది మామ్మా. ఈడు ఎదురెళ్ళి, 'నువ్వంటే నాకిష్టం. మరి నీకేటి కావాలో నువ్వే చెప్పు' అని అడిగాడు."

"బాగా అడిగాడు! మరాపిల్లేటంది?"

"సమాప్త్ అంది," అంటూ రీనా తెరమీద తిరగబడి కనిపిస్తున్న అక్షరాలను గడగడా చదివేసింది.

సూర్యప్రకాష్ అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. "ఉల్టా అక్షరాలు అంత జోరుగా ఎలా చదివావు?"

"మా దుకాణం చిన్నది. పరీక్ష చార్టు ఉల్టా రాసి ఎదురుగా అద్దంలో చూపిస్తాం. రోజంతా ఉల్టా చదవడమే నా కామ్. ఉల్టా కథలు చెప్పేవాళ్ళనీ పట్టేస్తాను."

ఆ వారంలోనే సూర్యప్రకాష్‌కు చూపు మందగించింది. ఆదిత్యపూర్‌లో ఇనుప రేకులు నొక్కే ప్రెస్ మెషీన్ నడిపే దృఢకాయుడైన యువకుడికి హఠాత్తుగా అలా జరగడానికి వైద్యశాస్త్రంలో కారణాలు తక్కువ.

"ఆఖరి లైను చదువు," అంది రీనా.

"కనిపించటంలేదు."

"దానికి పైది?"

"ఊహూఁ."

"అన్నిటికన్నా పెద్ద అక్షరం?"

"ఎవరో అమ్మాయి అడ్డంగా నిలబడింది."

రీనా పక్కకు జరగలేదు. "కళ్ళు ఠీక్ హై. బుర్రే ఖరాబ్ హై. దానికి మా దగ్గర అద్దాలు లేవు. ఆర్నెల్ల తరవాత రా."

"రేపొత్తాను."

వచ్చాడు. ఆ రేపూ వచ్చాడు, దాని మర్నాడూ వచ్చాడు. ఒకనాడు దుకాణం మూసే వేళకు వాన పట్టుకుంది. సువర్ణరేఖ నది మీదినుంచి వచ్చే వానకు మర్యాద తెలియదు. ఇద్దరినీ ఒకే షట్టరు కిందికి నెట్టి, వదలకుండా కురిసింది. "వాన మీద నీ అభిప్రాయమేటి?" అని అడిగాడతను. "ఇంకొంచెం సేపు కురవచ్చు," అందామె, ఆకాశం కేసి చూడకుండా. వాతావరణశాఖ ఆ మాట ఎలా అర్థం చేసుకునేదో గాని, సూర్యప్రకాష్ సరిగ్గానే అర్థం చేసుకున్నాడు.

ఏడాది గడిచింది. వాళ్ళకు అడ్డుపడేవాళ్ళెవరూ లేరన్నది ముందే చెప్పాలి. ఈ కథలో కొరడా పట్టుకున్న తండ్రి లేడు, కుట్రలు పన్నే పినతల్లి లేదు. తవిటయ్య మెత్తని మనిషి. అతని దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అడగాలి, అంతే.

"నాన్నతో ఎప్పుడు మాట్లాడతావు?" అంది రీనా.

"ఈ యేడు సినిమా అయ్యాక. ఎర్రజెండా ఎత్తిన దగ్గర్నుంచి మొదలయింది కదా మనది. అక్కడే అడుగుతాను."

"ఆజ్ మే క్యా ఖరాబీ హై? ఇవాళడిగితే ఏం?"

"అన్నిటికీ ఒక ముహూర్తం ఉండాలి కదా."

నోరు పెగలనివాడు తన జంకును దాచుకోవడానికి కనిపెట్టిన అతి పురాతన సాధనం ముహూర్తం.

పూజ నాడు సూర్యప్రకాష్, ఒకే మెషీన్‌ను వంతులవారీగా నడిపే స్నేహితుడు పైడిబాబును పట్టుకున్నాడు. "పైడీ, రేపు నా సెకండ్ షిఫ్ట్ నువ్వు చెయ్యవా? నీ పొద్దుటిది నేను చేత్తాను."

"ఆ ఏడుపుగొట్టు సినిమాకేనేటి? ఏటా చూసి ఏటా ఏడుత్తావు."

"ఈసారి నవ్వుతాను."

"అలాగా! ఎవర్రా ఆ పిల్ల?"

"పని అయినాక చెప్తాను. ఇప్పుడడక్కు."

"సరే, ఎళ్ళు. నాకు రెండు సమోసాలు ఉంచు చాలు. చల్లారిపోయినవి తేకు మరి."

మరునాటి సాయంత్రం గుడ్డకు వెనకాల, మామ్మకు ఒకవైపు సూర్యప్రకాష్, మరోవైపు రీనా. మామ్మకు ఈసారి అన్నీ తెలుసు. "ఇదిగో, ఇప్పుడెత్తుతాడు, సూడు... ఎత్తీసాడు! ఎర్రజెండా!" అని అతనికంటే ముందే తనే చెప్పేసింది. తవిటయ్య ముందు వరసలో ఉన్నాడు. సూర్యప్రకాష్ చొక్కా సర్దుకుని లేచాడు.

అప్పుడే జేబులో ఫోను మోగింది.

జరిగింది ఇది. పూజకని ఒక రోజు యంత్రాలు ఆగాయి. ఆ పని రాబట్టుకోవాలని, చెయ్యి త్వరగా ఆడుతుందని, సూపర్‌వైజరు ప్రెస్ ముందుండే ఇనుప జాలీని ఊడదీయించాడు. ముందురోజు అదే యంత్రానికి సిందూరం పెట్టి, మందారాల దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. దండ వేసినప్పుడు జాలీ ఉంది. సెకండ్ షిఫ్ట్ మొదలయ్యేసరికి లేదు. పైడిబాబు కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి.

కారణం అంత స్పష్టంగా ఉంది. కాని సూర్యప్రకాష్ మనసు దాన్ని పక్కకు నెట్టి, తనకు కావలసిన కారణాన్ని వెతుక్కుంది: నేను సినిమాకు వెళ్ళాను కనుక. ముందు జరిగినదల్లా వెనక జరిగినదానికి హేతువు కాదని పాఠశాల పిల్లవాడికి సైతం చెప్పవచ్చు. అపరాధభావంలో మునిగినవాడికి చెప్పడం కష్టం. వాడికి ఊరట అక్కర్లేదు, శిక్ష కావాలి.

కట్టు విప్పిన తరువాత ఒకనాడు పైడిబాబు ఎడమచేత్తో అన్నం తింటూ, మెతుకులు ఒళ్ళో పోసుకుంటూ, నవ్వుతూ అన్నాడు. "మాయమ్మ నాకు పెళ్ళి చేసీయాలంటంది. తవిటయ్య మావ కూతురు లేదూ, రీనా? ఆ పిల్లనడగాలని. నేనూ ఎప్పట్నుంచో చూత్తన్నానురా. నోరు తెరవలేకపోయాను. ఇప్పుడీ చెయ్యి చూసి ఎవరిత్తారు చెప్పు?"

సూర్యప్రకాష్ వంగి, అతని ఒళ్ళో పడిన మెతుకులు ఏరాడు.

"ఎందుకివ్వరు?" అన్నాడు చివరికి. "నేనడుగుతాను ఆళ్ళని."

చిన్ననాటినుంచీ తాను అసహ్యించుకున్న ఆ స్టేషన్ మాస్టరు, అతనికి తెలియకుండానే అతని చొక్కా తొడుక్కున్నాడు.

తవిటయ్య గుమ్మంలోకి, తన కోసం వెళ్ళాలనుకున్న సూర్యప్రకాష్, స్నేహితుడి కోసం వెళ్ళాడు. అంతవరకు పెగలని నోరు, ఇంకొకరి తరఫున ఎంత ధారాళంగా ఆడిందో! వెంట వచ్చిన పైడిబాబు తల్లి జానకి అతని తల నిమిరి దీవించింది. తవిటయ్య ఆలోచించి చెబుతానన్నాడు.

తరువాతి ఘట్టానికి అతను సాక్చీ వెళ్ళాడు. తాగుబోతు వేషం వేయడానికి ధైర్యం చాలక, అబద్ధంతో సరిపెట్టుకున్నాడు.

"ఇచ్ఛాపురంలో మావోళ్ళు నాకో సంబంధం చూశారు. నేను ఒప్పేసుకున్నాను. నువ్వు నన్ను మరిచిపో."

రీనా చేతిలోని కళ్ళద్దాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉంది. "అమ్మాయి పేరేటి?"

అతను పేరు ఆలోచించుకుని రాలేదు.

"ఫిలిమ్ మత్ దిఖావో, సూర్యా. నిన్న మా ఇంటికొచ్చి పైడిబాబు గురించి నువ్వు మాట్లాడిందంతా నేను లోపల్నుంచి విన్నాను. అతని వేళ్ళు పోయాయి. బదులుగా నన్నిచ్చేస్తన్నావు. మై సామాన్ హూఁ క్యా?"

"అలగ కాదు రీనా. ఆడు నా వల్లే..."

"నీ వల్లో కాదో తరవాత. మామ్మకి చెప్పావే, ఎర్రజెండా చూపించి స్టేషన్ మాస్టరు ఏటడిగాడని? ఆ మాట నన్నడుగు. ఏక్ బార్. నేను జవాబు చెప్తాను."

అద్దంలో ఉల్టా అక్షరాలు సూటిగా కనిపిస్తున్నాయి. సూర్యప్రకాష్ వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఆఖరి లైను వరకు స్పష్టంగా కనిపించింది. నోరు మాత్రం తెరవలేదు.

"ఠీక్ హై," అని రీనా కళ్ళద్దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసింది.

కొన్నాళ్ళకు ఆ దుకాణానికే పైడిబాబు వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. కుడిచెయ్యి దాచకుండా బల్లమీద పెట్టాడు.

"నేనొక మాట అడిగి వెళ్ళిపోతాను. మీ నాన్న సరేనంటారేమో. అది నాకు చాలదు. నీకిష్టమేనా? కాదంటే మొహమాటపడకు. నేనే వద్దన్నానని ఇంట్లో చెప్పేత్తాను, నీ మీద మాట రానివ్వను. ఈ చెయ్యి చూసి జాలిపడి మాత్రం ఒప్పుకోవద్దు."

రీనా ఆ చేతిని చూసింది. తనను ఒకరు అడిగారు. ఎవరు అడగాలని ఎదురుచూసిందో అతను కాదు, ఇంకొకరు. నిజం చెప్పడం మర్యాద అనిపించి, దాచకుండా అంతా చెప్పింది.

పైడిబాబు అక్కణ్ణుంచి నేరుగా సూర్యప్రకాష్ దగ్గరికి వెళ్ళాడు. కొట్టలేదు. కొట్టి ఉంటే సూర్యప్రకాష్‌కు కొంత హాయిగా ఉండేది.

"ఏరా, నా వేళ్ళు నువ్వు కోసీసావేటి?"

"నేను షిఫ్ట్ మార్చకపోతే..."

"మార్చకపోతే నీ వేళ్ళు పోయేవి. లేదా ఎవరివీ పోయేవి కావు. ఎవడికి తెలుసు? జాలీ తీయించింది సూపర్‌వైజరు. ఆణ్ణి నిలదియ్యరా అంటే ఒక్కడూ రాలేదు, నువ్వూ రాలేదు. ఇంట్లో కూర్చుని త్యాగం చేత్తన్నావు! ఇన్నాళ్ళూ నాకు చెయ్యొక్కటే అవిటిదనుకున్నాను. నువ్వు నన్ను మొత్తం అవిటోణ్ణి చేసీసావురా."

"పైడీ..."

"ఏటి పైడీ? నేనడ్డం లేను. ఎళ్ళు. ఇప్పుడే ఎళ్ళి అడుగు."

అతను పరుగెత్తాడు. ఈసారీ వాన కురిసింది. కాలం కాని కాలంలో పడిన ఆ వాన ఎవరి మనోభావాలనూ పట్టించుకోకుండా, డ్రైనేజీలు పొంగేలా కురిసింది. దుకాణం మూసి రీనా అదే షట్టరు కింద నిలబడి ఉంది. సూర్యప్రకాష్ నీళ్ళు కారుతూ వచ్చి, ఒక్క ఊపిరిలో చెప్పాడు. కొన్ని నెలలుగా దాచినదీ, అంతకుముందు ఏడాదిగా చెప్పాలనుకున్నదీ. చివర అడగవలసిన ప్రశ్న కూడా అడిగాడు.

"నువ్వంటే నాకు ప్రాణం. నీకేటి కావాలో చెప్పు, రీనా."

సినిమా అయితే ఇక్కడ వయొలిన్లు మోగేవి. రీనా తన గొడుగు అతని మీదికి కూడా జరిపింది. ఆ దయే అతన్ని భయపెట్టింది.

"కిస్నే భేజా? ఎవరు పంపారు?" అంది.

అతను తల దించుకున్నాడు. "పైడిబాబు."

"అదే అనుకున్నాను. ముందు నువ్వు నన్ను అతనికిచ్చావు. ఇప్పుడు అతను తిరిగి నీకిచ్చాడు. ఇచ్చినప్పుడే వచ్చావు. సూర్యా, నీ అంతట నువ్వు ఒక్కసారైనా వచ్చావా?"

"మొదట వచ్చాను కదా, కళ్ళ పరీక్షకి."

ఆమె నవ్వింది. ఆ నవ్వు సగంలో పాడైపోయింది. "హాఁ. అప్పుడు వచ్చావు. ఆ లడకా కోసమే నేను ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. ఇప్పుడొచ్చినవాడు అతను కాదు."

"రీనా, ఒక్కసారి..."

"జవాబు అడిగావు, చెప్పాను. వద్దు."

గొడుగు అతని చేతిలో పెట్టి, ఆమె వానలోకి నడిచి ఆటో ఎక్కింది.

మరుసటి వేసవిలో రీనాకు, పైడిబాబుకు పెళ్ళయింది. ప్రేమించి చేసుకుందని ఎవరూ అనలేరు. తనంతట తానే వచ్చి అడిగినవాణ్ణి చేసుకుంది. అంత చిన్న మర్యాదమీద పెద్ద ఇళ్ళే కట్టుకోవచ్చునని ఆమె లెక్క వేసి ఉండవచ్చు. ఆ లెక్క తప్పని నిరూపించే ఆధారమేదీ ఇంతవరకు దొరకలేదు.

పెళ్ళి భోజనాల దగ్గర సూర్యప్రకాష్ సాంబారు వడ్డించాడు. తవిటయ్య ఆఖరి పంక్తిలో కూర్చుని, అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మాయమ్మ నాతో ఒక మాటంది. నిజమేనేటి? నువ్వూ రీనా..."

సూర్యప్రకాష్ గరిటె కేసి చూశాడు.

"నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే ఇచ్చేసేవోణ్ణి కదరా పిచ్చోడా," అన్నాడు తవిటయ్య, చాలా మెల్లగా, దీవిస్తున్నంత మెల్లగా. తరువాత తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు.

వర్షాకాలం చివర మళ్ళీ విశ్వకర్మ పూజ వచ్చింది. మరునాటి సాయంత్రం వెదురు గుంజల మధ్య గుడ్డ కట్టారు. ఆదిత్యపూర్‌లో ఆ ప్రెస్ ముందు ఇప్పుడు జాలీ ఉంది. పైడిబాబు పట్టుబట్టి పెట్టించాడు. అతనూ రీనా ఈసారి గుడ్డకు ముందువైపు, కుర్చీల్లో కూర్చున్నారు. మామ్మ మాత్రం పీట తీసుకుని వెనకవైపుకే వచ్చి, "ఒరే సూరిబాబూ, రా. సెప్పు," అని పిలిచింది.

ఆమెకు ఇప్పుడు కొంత హిందీ అర్థమవుతోంది. అయినా చెప్పించుకోవడం అలవాటయింది. సూర్యప్రకాష్ చెప్పాడు. వరద చెప్పాడు, పోయిన కాలు చెప్పాడు. తాగుబోతు నటనను ఒక్క ముక్కలో దాటేశాడు. మామ్మ నిలదీయలేదు.

రైలు వచ్చింది. పంతులమ్మ ఎక్కింది. స్టేషన్ మాస్టరు ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి పైకెత్తాడు. బూడిద రంగు గుడ్డముక్క గాలికి రెపరెపలాడింది. పలచటి తెరకు అవతల, వెలుగు పడినప్పుడల్లా, ముందువరసలో పక్కపక్కనే ఉన్న రెండు తలలు మసకగా కనిపించాయి.

"ఏ జెండారా?" అంది మామ్మ.

"పచ్చజెండా, మామ్మా."

కాంతం మామ్మ మొదటిసారి తెరమీదనుంచి చూపు తిప్పి అతని ముఖంలోకి చూసింది.

"కాదు. ఎర్రజెండా. రైలాగిపోతాది. ఈడెళ్ళి అడుగుతాడు. నువ్వే కదరా సెప్పావు?"

"అప్పుడు తప్పు చెప్పాను, మామ్మా."

పొగ తెరంతా కమ్ముకుంది. అందులోనుంచి ఉల్టా అక్షరాలు ఒక్కటొక్కటే తేలి వచ్చాయి. మామ్మ పీట మీదనుంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని, చీర కొంగు దులుపుకుంది.

"కాదు," అంది. "అప్పుడే బాగా సెప్పావు."